పాత సైనిక పిస్తోలు ప్రామాణ్య నిర్ణయం: అశ్వారావుపేట సరిహద్దు మన్యం ఆధారంగా ఒక పరిశీలన

అశ్వారావుపేట చుట్టుపక్కల అటవీ గ్రామాల్లో పాతకాలపు పిస్తోలు ఒకటి బయటపడిందంటే దాని పక్కన నిలబెట్టడానికి మూడు నాలుగు పేర్లు ముందే సిద్ధంగా ఉంటాయి. పాల్వంచ సంస్థానం దొరవారిదని ఒకరంటే, అల్లూరి సీతారామరాజు దళం వాడినదని మరొకరంటారు. తెల్లదొర ఎవరో వేటకు వచ్చి పోగొట్టుకొన్నదని ఒక కథ, రజాకార్ల చేతుల్లోంచి లాక్కొన్నదని ఇంకొక కథ. వస్తువు ఒక్కటే అయినా కథలు నాలుగు. వీటిలో నిజమెంత అన్న ప్రశ్నను సాధారణంగా ఆయుధ నిపుణులకో, వేలంపాటల వారికో వదిలేస్తాం. వారు దాన్ని చూసి ఒక ధర చెబుతారు. ఆ ధరలో కథకు కొంత, ఇనుముకు కొంత కలిసి ఉంటాయి. ఏది ఎంతో వారు విడదీయరు, విడదీయవలసిన అవసరమూ వారికి లేదు.

ఆ విడదీసే పని చరిత్రకారునిది. తెలుగు సాహిత్య పరిశోధకునికి కూడా ఇందులో పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన. తాళపత్ర ప్రతుల్లో మూలమేదో ప్రక్షిప్తమేదో తేల్చడానికి మన శాఖల్లో నేర్పే పద్ధతి పాత ఆయుధానికి దాదాపు యథాతథంగా సరిపోతుంది. ప్రతికి మాతృక ఉన్నట్టే పిస్తోలుకు నమూనా ఉంటుంది. లేఖకుడు దిద్దినట్టే కమ్మరి దిద్దుతాడు. చివరి గద్యలో కవి పేరు ఉన్నంత మాత్రాన గ్రంథం అతనిదే అని మనం ఒప్పుకోం గదా. లోహం మీద ముద్ర ఉన్నంత మాత్రాన పిస్తోలు ఆ కార్ఖానాదే అనీ ఒప్పుకోకూడదు.

రెండు రాజ్యాల నడుమ

ముందుగా ప్రదేశం సంగతి. అశ్వారావుపేట పేరులోనే పాల్వంచ సంస్థానాన్ని ఏలిన అశ్వారావు వంశం పేరు ఉంది. 1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరవాత ఈ ఊరి దాపున నిజాం రాజ్యానికీ కంపెనీ రాజ్యానికీ మధ్య సరిహద్దు ఏర్పడింది. ఇటు పాల్వంచ, అటు చింతలపూడి, జంగారెడ్డిగూడెం, పోలవరం. ఉత్తరాన గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను 1860లో నిజాం బ్రిటిషు వారికి వదులుకొన్నాడు. అవి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరాయి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అశ్వారావుపేట 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పాలకులు గీసిన గీతలు ఇన్నిసార్లు జరిగినా, అడవిలో తిరిగే కోయలకూ కొండరెడ్లకూ ఆ గీతలు దాటడం ఏనాడూ పెద్ద పని కాలేదు.

ఈ సరిహద్దు సంగతి ఆయుధాల విషయంలో చాలా ముఖ్యం. 1878 ఆయుధాల చట్టం బ్రిటిషు ఇండియాలో తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధికి బయట ఉంది. ఒకే అడవిలో నాలుగు కోసుల ఎడంలో రెండు రకాల ఏలుబడి నడిచేటప్పుడు ఆయుధం ఏ వైపు దాచుకోవడం సులువో ఆ వైపు చేరుతుందని ఊహించడం తప్పు కాదు. ఇది నా ఊహే గాని పత్రం చూపి రుజువు చేయగలిగిన మాట కాదు కనుక ఊహగానే ఉంచుతున్నాను.

ఊహ అవసరం లేని సంగతులూ ఉన్నాయి. 1858లో పోలవరం మన్యంలో కారుకొండ సుబ్బారెడ్డి తిరుగుబాటు చేశాడు. ఆయనను బుట్టాయిగూడెంలో ఉరితీశారు. 1879 మార్చిలో చిగురుపన్ను, మునసబుదారు పీడన మొదలైన కారణాలతో రంప పితూరీ పుట్టింది. అది రేకపల్లి వరకూ పాకింది. దాన్ని అణచడానికి తెచ్చిన బలగాల వివరం హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజెటీరులో ఉంది. ఇతర జిల్లాల నుంచి వచ్చిన వందలాది పోలీసులు కాక, మద్రాసు కాల్బలం ఆరు రెజిమెంట్లు, శాపర్స్ అండ్ మైనర్స్ రెండు కంపెనీలు, ఒక స్క్వాడ్రన్ ఆశ్వికదళం, హైదరాబాదు కంటింజెంటు నుంచి కొంత కాల్బలం వచ్చాయి. అంటే కంపెనీ సైన్యానికి వారసమైన దళాలూ, నిజాం ఖర్చుతో నడిచే దళాలూ ఒకే కాలంలో ఒకే మన్యంలో మసలాయి. తరవాత 1922–24 మన్యం పోరాటం వచ్చింది. 1946 నుంచి 1951 అక్టోబరు వరకు తెలంగాణ సాయుధ పోరాటం నడిచింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరవాత దళాలు గోదావరి అడవుల్లోకి మళ్లాయి. ఒక శతాబ్దం లోపల ఇన్ని సైన్యాలూ ఇన్ని దళాలూ నడిచిన నేల మీద దొరికిన పిస్తోలు ఒకే చేతిలో ఉండి ఉంటుందనుకోవడం కష్టం.

లోహం చెప్పే మాట

చర్చ సులువుగా సాగడానికి ఒక నమూనాను ఊహిద్దాం. గొట్టం తొమ్మిది అంగుళాలు, బోరు 0.65 అంగుళం, మందు దట్టించే కడ్డీ గొట్టం మూతికి కీలుతో బిగించి ఉంది. ఇది పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాల నాటి ఆశ్వికదళ పిస్తోలు పోలిక. కడ్డీని కీలుతో ఎందుకు బిగించారంటే, గుర్రం మీద కూర్చొని మందు దట్టించే సైనికుడి చేతి నుంచి అది జారిపోకుండా. ఇటువంటి పిస్తోళ్లను జీనుకు ఇరువైపులా తోలు సంచుల్లో జతగా ఉంచేవారు. కాబట్టి ఒంటరిగా దొరికిన పిస్తోలు సగం కథే చెబుతుంది.

ఇప్పుడు లాక్ ప్లేటు మీది ముద్రలు. కంపెనీ తన ఆయుధాలను లండన్ తయారీదారుల దగ్గర సొంతంగా కొనుక్కొనేది. దాని పాత ముద్ర హృదయాకారంలో నాలుగు గదులుగా చీలి, గదుల్లో కంపెనీ పేరులోని పొడి అక్షరాలతో ఉంటుంది. సరుకు మూటల మీద వేసే గుర్తే ఆయుధాల మీదికీ వచ్చింది. సుమారు 1808 నుంచి దాని స్థానంలో నిలబడిన సింహం కనిపిస్తుంది. బ్రిటిషు ప్రభుత్వ సైన్యానికి లండన్ టవర్ నుంచి వెళ్లిన ఆయుధాల మీద కిరీటం, టవర్ అన్న మాట ఉంటాయి. కంపెనీ సింహమూ టవర్ మాటా ఒకే ప్లేటు మీద పక్కపక్కన కనిపిస్తే అక్కడ ఆగి సందేహించాలి. గొట్టం మీద లండన్ గన్‌మేకర్స్ కంపెనీ పరీక్షా ముద్రలు ఉండవచ్చు. కిరీటం కింద జీపీ, మరొక కిరీటం కింద వీ అని ఆంగ్లాక్షరాలు ఉంటాయి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఆ శాల ముద్ర ఉన్న గొట్టాన్ని అంతకు ముందటి యుద్ధంలో వాడినదని ఎవరైనా చెబితే ఆ కథ అక్కడితో సరి.

నిజాం వైపు ఆయుధాల లెక్క వేరు. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో ఉండి హైదరాబాదులో ఫిరంగులు, తుపాకులు పోయించిన స్థలం గన్‌ఫౌండ్రీ అన్న పేరుతో నేటికీ నగరంలో ఉంది. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడు అక్టోబరులో ఆయన దళాలను బ్రిటిషు వారు నిరాయుధం చేశారు. దక్కనులో తయారైన ఆయుధం మీద పారశీక లిపిలో పేరో సంవత్సరమో ఉంటే, ఆ సంవత్సరం ఏ శకానిదో మొదట తేల్చాలి. 1213 అన్న అంకెను హిజరీగా చదివితే 1798–99 అవుతుంది, ఫసలీగా చదివితే 1803–04 అవుతుంది. ఐదేళ్ల తేడా చిన్నదేమీ కాదు. ఒక పక్క రేమండ్ దళం, మరొక పక్క కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకొన్న నిజాం. టిప్పు సుల్తాను శ్రీరంగపట్నంలో చేయించిన ఆయుధాల మీద చిక్కు ఇంకా ఎక్కువ. ఆయన సొంతంగా మౌలూదీ శకం పెట్టి, అంకెలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి మీర్ ఆలం నాయకత్వంలో నిజాం సేనలు కూడా వెళ్లాయి కనుక, టిప్పు ఆయుధం తెలుగు నేలకు చేరడం అసంభవమేమీ కాదు. కాని సంభవమన్నది రుజువు అనిపించుకోదు.

ముద్ర విషయంలో వేమన మకుటాన్ని గుర్తు చేసుకోవడం మేలు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేసిన నాటి నుంచి నేటి వరకు పరిష్కర్తలను వేధిస్తున్న సమస్య ఇదే. మకుటం ఎవరైనా తగిలించవచ్చు. పద్యం నడక, భాష, భావం మకుటంతో కలవనప్పుడు మనం పద్యాన్నే అనుమానిస్తాం. నకిలీ పిస్తోళ్ల తయారీదారులు కూడా మొదట తగిలించేది మకుటాన్నే. గోడకు వేలాడదీసే అలంకార వస్తువులుగా మన దేశంలోనే తయారవుతున్న నకళ్ల మీద టవర్ ముద్ర లేనివి అరుదు. ముద్ర ఎంత స్పష్టంగా ఉంటే నాకు అంత అనుమానం కలుగుతుంది. రెండు వందల ఏళ్లు చేతులు మారిన ప్లేటు మీద అక్షరాల అంచులు అరిగి ఉండాలి. చుట్టూ ఉన్న లోహం అరిగి అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే, అక్షరాలు తరవాత పుట్టాయి.

కనుక ముద్రను వదిలి పిస్తోలు నడక చూడాలి. ముందు మరలు. ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో మరల చుట్ల కొలతలను ప్రమాణీకరించమని ప్రతిపాదించాడు. అంతకు ముందు ప్రతి మరా తన రంధ్రానికే సరిపోయేలా చేతితో కోసినది. ఒక మరను మరొక రంధ్రంలోకి సులువుగా మార్చగలిగితే, లేక మర తలపై గాటు యంత్రం కోసినంత సమంగా ఉంటే, ఆ మర పాతది కాదు. మర మారినంత మాత్రాన పిస్తోలు నకిలీ అనుకోరాదు, అన్ని మరలూ ఒకే తీరున కొత్తవైతే మాత్రం ఆలోచించాలి. తరవాత తుప్పు. నల్ల మందు కాలినప్పుడు మిగిలే లవణాలు తేమను పీల్చుకొంటాయి. అందువల్ల నిజంగా కాల్చిన చకుముకి పిస్తోలులో నిప్పురవ్వ లోపలికి పోయే చిన్న రంధ్రం చుట్టూ, మందుగిన్నె అడుగున లోహం గుంటలు పడి తినేసి ఉంటుంది. ఆమ్లం పూసి తెప్పించిన తుప్పు అంతటా ఒకే రీతిగా ఉంటుంది. కాల్చిన చోటూ కాల్చని చోటూ దానికి తెలియదు.

ప్రక్షిప్తాలు

ఇక్కడ అసలు వివాదం మొదలవుతుంది. మన నమూనా పిస్తోలుకు చకుముకి యంత్రం తీసేసి రాగి టోపీతో పేల్చే యంత్రం అమర్చారనుకొందాం. మందుగిన్నె ఉన్న చోట రంధ్రాలు పూడ్చిన గుర్తులు, టోపీ తొడిగే చిన్న మొన, వేరే ఆకారంలో సుత్తి. కట్టె కూడా ఇంగ్లండు వాల్‌నట్ కాదు, స్థానికంగా దొరికే టేకు. పిడి పగిలిన చోట ఇత్తడి రేకు చుట్టి దేశవాళీ మేకులు కొట్టారు. ఇటువంటి దాన్ని సంగ్రాహకుల బజారు దాదాపు తోసిపుచ్చుతుంది. మార్పులు లేని ప్రతికి వచ్చే ధరలో దీనికి కొద్ది భాగమే వస్తుంది. వారి దృష్టిలో ఇది చెడిన ప్రతి.

చరిత్ర దృష్టిలో ఈ చెడిన ప్రతే ఎక్కువ మాట్లాడుతుంది. లండన్‌లో తయారై, పెట్టెలో పడి, మార్పు లేకుండా మిగిలిన పిస్తోలు లండన్ కార్ఖానా గురించి చెబుతుంది. ఆ సంగతులు ఇప్పటికే పుస్తకాల్లో ఉన్నాయి. టేకు పిడి ఉన్న పిస్తోలు మాత్రం ఈ నేలకు వచ్చింది, ఇక్కడ పగిలింది, ఇక్కడి వడ్రంగీ కమ్మరీ దాన్ని మళ్లీ పనికి వచ్చేలా చేశారు. 1840ల నాటికి సైన్యాలు టోపీ పద్ధతికి మారాయి. ఈ మార్పు సైనిక కార్ఖానాలో జరిగిందా, అడవి ఊరి కొలిమిలో జరిగిందా అన్నది పనితనం చూసి చాలావరకు తేల్చవచ్చు. కార్ఖానాలో చేసిన మార్పుకు కొత్త ముద్ర, కొత్త సంఖ్య ఉంటాయి. ఊరి కమ్మరి సంఖ్య వేయడు. అతని చేతి పనిలో సుత్తి దెబ్బల జాడ ఉంటుంది, ఆకురాయి గీతలు ఒకే వైపు వంగి ఉంటాయి.

సాహిత్యంలో ఈ వాదం మనకు కొత్త కాదు. మౌఖిక గాథ ఒక్కొక్క గాయకుని నోట ఒక్కొక్క రీతిగా మారుతుంది. మూలపాఠం కోసం ఆ మార్పులన్నిటినీ చెరిపేసిన పరిష్కర్తలు మనకు శుద్ధమైన ప్రతినిచ్చారు గాని, ఆ గాథను పాడుకొన్న జనం ఆ శుద్ధిలో మాయమయ్యారు. పిస్తోలును శుభ్రం చేసి, కొత్త వాల్‌నట్ పిడి తొడిగి, అసలు రూపానికి తెచ్చామనే వారు చేసేదీ అంతే. దయచేసి ఎవరూ అలా చేయవద్దని చెప్పడానికి ఈ పత్రిక తగిన వేదికో కాదో తెలియదు, అయినా చెబుతున్నాను.

మరొక జాడ కూడా ఉంది. దసరా నాటి ఆయుధపూజలో ఇంటి ఆయుధాలకు నూనె రాసి, పసుపు కుంకుమలు పెట్టడం ఇక్కడి ఆచారం. ఏళ్ల తరబడి పూజలందుకొన్న ఆయుధం సందుల్లో, మర గాట్లలో నూనె, పసుపు, కుంకుమ ముద్దగా గట్టిపడి ఉంటాయి. వేలం కోసం తుడిచేటప్పుడు మొదట పోయేది ఈ ముద్దే. అది ఉంటే, కనీసం కొంతకాలం ఆ వస్తువు ఒక ఇంట్లో గౌరవంగా నిలిచిందని అర్థం. ఎవరి ఇంట్లో అన్నది మాత్రం ఆ ముద్ద చెప్పదు.

చాటువుల న్యాయం

ఎవరిది అన్న ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఈ మన్యంలో ఎక్కువగా వినిపించే పేరు సీతారామరాజుది కనుక ఆ దావానే పరీక్షిద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన దళం దాడులు చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు దొరికాయి. తీసుకొనిపోతున్న ఆయుధాల వివరాలను స్టేషను డైరీలో రాసి సంతకం చేసేవాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. చరిత్ర పరిశోధకునికి ఇంతకన్న భాగ్యం ఉండదు. ఆయుధం ఎత్తుకొనిపోయినవాడే రశీదు ఇచ్చి వెళ్లాడు.

ఆ దాడుల్లో దొరికినవి పోలీసుల పొడవు తుపాకులు, వాటి తూటాలు. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల ఆశ్వికదళ పిస్తోలుకు తూటా అక్కరలేదు, మందూ సీసపు గుండూ కావాలి. అటువంటిది 1922లో ఒక పోలీసు స్టేషను ఆయుధాగారంలో సాధారణ సరంజామాగా ఉండే అవకాశం దాదాపు లేదు. అదే ఏడు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు హతులయ్యారు. ఒక తెల్ల అధికారి నడుమున ఉన్న చిన్న ఆయుధం ఏదైనా దళానికి చిక్కిందనుకొన్నా, ఆ కాలానికి అది రివాల్వరో, తూటాల పిస్తోలో అయి ఉండాలి. బ్రిటిషు సైన్యం 1887లోనే వెబ్లీ రివాల్వరును స్వీకరించింది. ఇక్కడ భాష కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఊరి వాడుకలో చేతిలో ఇమిడే తుపాకి అంతా పిస్తోలే. చకుముకి రాయిదా, టోపీదా, ఆరు తూటాలదా అన్న భేదం ఆ మాటలో లేదు. కథ చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. వారి తాత నిజంగానే ఒక పిస్తోలు గురించి చెప్పి ఉండవచ్చు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆ పిస్తోలు కాకపోవచ్చు.

అందుచేత చకుముకి జాతి పిస్తోలును చింతపల్లి దాడితో ముడిపెట్టే దావా నిలవదు. ముత్తాదారుల ఇళ్లలో పాత ఆయుధాలు ఉండేవి గదా, అవి దళానికి చేరి ఉండవచ్చు గదా అని అనవచ్చు. నిజమే. కాని అప్పుడు దావా స్వరూపం మారుతుంది, రుజువు భారమూ మారుతుంది. పైగా చింతపల్లి, రాజవొమ్మంగి సీమ అశ్వారావుపేటకు పొరుగు ఊరు కాదు, నడుమ గోదావరి ఉంది. ఆ దూరాన్ని పిస్తోలు ఎలా దాటిందో కూడా దావాదారే చెప్పాలి.

చెప్పుకోదగిన ఇంకొక సంగతి. సీతారామరాజు బొమ్మ మన మనసుల్లో విల్లంబులతోనే నిలిచింది. కృష్ణ నటించిన 1974 నాటి చలనచిత్రం, కూడళ్లలోని విగ్రహాలు, 2022 జూలై 4న భీమవరంలో ఆవిష్కరించిన 30 అడుగుల కాంస్య విగ్రహం, అన్నీ ఆ రూపాన్నే పోషించాయి. పత్రాల్లోని రాజు మాత్రం తుపాకుల కోసం స్టేషన్ల మీద పడిన యోధుడు. ఒక పిస్తోలుకు ఆయన పేరు తగిలించే వారు, తెలిసో తెలియకో, విగ్రహం కన్న పత్రానికి ఒక అడుగు దగ్గరగా ఉన్నారు. ఆ పిస్తోలు ఆయనది కాకపోయినా ఆ కథలో ఉన్న జ్ఞాపకం పూర్తిగా పొల్లు కాదంటాను.

వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యాలను సేకరించినప్పుడు ఎదురైన చిక్కు ఇదే జాతిది. ఊరూ పేరూ లేని పద్యం లోకంలో ఎక్కువకాలం అనాథగా ఉండదు. రసికత ఉంటే శ్రీనాథునిదవుతుంది, చమత్కారం ఉంటే తెనాలి రామకృష్ణునిదవుతుంది. అది శ్రీనాథుని రచనకు సాక్ష్యం కాదు. శ్రీనాథుని గురించి జనం ఏమనుకొన్నారో దానికి మాత్రం గట్టి సాక్ష్యం. అనాథ పిస్తోలు కూడా అలాగే పేరున్న ఇంటికి చేరుకొంటుంది. ఏ ఊళ్లో ఏ ఇంటికి చేరుతుందో గమనిస్తే ఆ ఊరి రాజకీయ జ్ఞాపకం తెలుస్తుంది. సంస్థానం మీద గౌరవం మిగిలిన ఊళ్లో అది దొరవారిదై, ఆయుధపూజ పీట ఎక్కుతుంది. దొరతనం మీద కోపం మిగిలిన ఊళ్లో అదే పిస్తోలు దొర చేతి నుంచి లాక్కొన్నదవుతుంది. పిస్తోలు కథలో చూడవలసిన మాట ఆ క్రియాపదమే: ఇచ్చారా, దొరికిందా, లాక్కొన్నారా.

ధర, చట్టం, చీటీ

ధర విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 2023 మేలో లండన్‌లోని బోన్‌హామ్స్ వేలంలో టిప్పు పడకగది కత్తి ఒక కోటీ నలభై లక్షల పౌండ్లకు అమ్ముడయింది. ఆ ధర ఉక్కుకు వచ్చినది కాదు. 1799 తరవాత అది బెయిర్డ్ సేనానికి బహూకృతమైన పరంపర రాతలో ఉంది, ఆ పరంపరకు వచ్చింది. మన మన్యపు పిస్తోలుకు అటువంటి రాత లేనప్పుడు పేరు చెప్పి ధర పెంచడం రెండు విధాలా నష్టం. కొన్నవాడు మోసపోతాడు. అంతకన్న పెద్ద నష్టం, ధర కోసం కథను సవరించడం మొదలవుతుంది. అశ్వారావుపేటలో మూడు రకాలుగా వినిపించే కథ బేరగాడు వచ్చి వెళ్లాక ఒకే రకంగా వినిపిస్తుంది. ఆ తరవాత ఎంత సేకరించినా మనకు దొరికేది బేరగాని పాఠమే.

చట్టం సంగతి కూడా పరిశోధకునికి తెలిసి ఉండాలి. 1959 ఆయుధాల చట్టం 45వ విభాగం, వాడుక తప్పిన నమూనాకు చెందిన లేదా పురావస్తు విలువ గల ఆయుధానికి మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా చేయకపోయినా అది కాల్చడానికి పనికిరానిదై ఉండాలన్న షరతు ఉంది. మన కమ్మరి చేసిన చక్కని మరమ్మతే ఇక్కడ ఇబ్బంది తెచ్చిపెట్టవచ్చు. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువు పురావస్తువు కింద వస్తుంది, దాన్ని ప్రయివేటు వ్యక్తులు దేశం దాటించరాదు. భూమిలో దొరికినదైతే 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. కాబట్టి ఇంట్లో పాత పిస్తోలు ఉన్నవారు బేరగాని కన్న ముందు పోలీసులకూ పురావస్తు శాఖకూ చెప్పడం మంచిది. పరిశోధకుడు కూడా వారికి ముందుగా ఆ మాటే చెప్పి, అటు తరవాతనే కథ అడగాలి.

మన నమూనా పిస్తోలు ఒక ప్రదర్శనశాలకు చేరిందనుకొందాం. దాని పక్కన పెట్టే చీటీ ఎలా ఉండాలి? సాధారణంగా కనిపించే చీటీలో "ఫలానా వారి పిస్తోలు, ఫలానా శతాబ్ది" అని ఒకే వాక్యం ఉంటుంది. నేనైతే మూడు వాక్యాలు రాస్తాను, వాటిని ఒకదానితో ఒకటి కలవనివ్వను. మొదటిది గొట్టం, ముద్రలు, కొలతలు చెప్పే వాక్యం. రెండవది మార్పులు చెప్పే వాక్యం: చకుముకి నుంచి టోపీకి, వాల్‌నట్ నుంచి టేకుకు, పిడికి ఇత్తడి కట్టు. మూడవది, "దీన్ని భద్రపరచిన కుటుంబం చెప్పిన కథ" అని మొదలై, చెప్పినవారి మాటలను వారి యాసలోనే, విన్న తేదీతో సహా ఉంచే వాక్యం. ఒకే వస్తువు గురించి మూడు కథలుంటే మూడూ ఉండాలి. రెండో వాక్యం రాయడానికి ఆయుధ శాస్త్రజ్ఞుడు ఒక్కడే చాలడు. పిడి టేకో, నల్లమద్దో, ఏగిసో తేల్చడానికి ఆ ఊరి వడ్రంగిని పిలిచి చూపించి, ఆయన చెప్పిన కర్ర పేరును ఆయన చెప్పినట్టే చీటీలో రాయాలి.